‘తెలిసినట్టే ఉంది’ అనే చోటే మార్కులు పోతాయి

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది గాజువాక. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి చదువుతున్నాను. ఇష్టపడి సైకాలజీ తీసుకున్నాను. డిసెంబరులో మా సైకాలజీ టీచర్ మానేశారు, ఆ తర్వాత ఎవరినీ వేయలేదు. ‘పుస్తకం తేలికే, మీరే చదువుకోండి’ అన్నారు. ప్రాక్టికల్ ఎలాగో గట్టెక్కింది. సోమవారం థియరీ పరీక్ష. మిగతా సబ్జెక్టుల గొడవలో పడి దీన్ని చివరికి వదిలేశాను. మొన్న, నిన్న కూర్చుని పుస్తకం మొత్తం ఒకసారి చదివాను. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉన్నాయి. మూస్తే రెండు వాక్యాలు కూడా రావడం లేదు. అమ్మేమో ‘కథల పుస్తకంలా ఉంది కదే, దీనికి టెన్షన్ ఎందుకు’ అంటోంది. ఈ నాలుగు రోజుల్లో ఏం చదవాలి, ఎలా చదవాలి? ఇంకో మాట. మానసిక జబ్బుల గురించిన నాలుగో చాప్టర్ చదువుతుంటే ఆ జబ్బులన్నీ నాకే ఉన్నాయనిపిస్తోంది. నవ్వకండి.

సమాధానం:

నవ్వలేదు తల్లీ. ఆ చివరి మాటకి చివర్లో జవాబు చెప్తాను, ముందు సోమవారం సంగతి చూద్దాం. నీ మెయిల్ బుధవారం రాత్రి పదకొండున్నరకి వచ్చింది. గురువారం పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. దీన్ని ఒక్కసారి చదివి పుస్తకం దగ్గరికి వెళ్ళిపో.

నీ ఉత్తరం మొత్తంలో నాకు గుచ్చుకున్న మాట ఒకటే, ‘అన్నీ తెలిసినట్టే ఉన్నాయి’. ఈ సబ్జెక్టులో పిల్లల్ని ముంచేది ఆ మాటే. ఫిజిక్సు పుస్తకం తెరిస్తే తెలియనిది తెలియనట్టే కనబడుతుంది, భయమేసి చదువుతాం. సైకాలజీలో కోపం, భయం, స్నేహం, పంతం, పక్కింటివాళ్ళ మీద అనుమానం, అన్నీ మన ఇంట్లో రోజూ నలిగే విషయాలే. పెళ్ళిలో ఎదురుపడ్డ దూరపు చుట్టంలా ఉంటాయి. ముఖం బాగా తెలుసు, నవ్వి పలకరిస్తాం కూడా. ‘ఎవరే ఆవిడ?’ అని పక్కవాళ్ళు అడిగితే మాత్రం పేరు రాదు, వరస రాదు. పరీక్ష అడిగేది ఆ పేరూ వరసే. మీ అమ్మగారు కథల పుస్తకం అన్నది నిజమే, అందులోనే ఉంది చిక్కు.

నాకూ ఈ దెబ్బ తగిలింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ చదివే రోజుల్లో మా డిపార్టుమెంటు పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. 1967లో కోనేరు రామకృష్ణారావు గారు మొదలుపెట్టిన విభాగం అది. ఆ పేరు వినగానే ‘దయ్యాల గురించా అమ్మాయ్?’ అని అడగని చుట్టం లేడు. సరే, అది వేరే కథ. మొదటి ఏడాది ఒక పేపర్‌కి పుస్తకం నాలుగుసార్లు చదివాను. పసుపు స్కెచ్‌పెన్‌తో గీసిన గీతలకి పేజీలన్నీ పసుపు రాసిన గడపల్లా తయారయ్యాయి. హాల్లో ప్రొజెక్షన్‌కీ రేషనలైజేషన్‌కీ తేడా రాయమన్నారు. రెండూ ఏ పేజీలో, ఏ మూల ఉన్నాయో కూడా కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. తేడా మాత్రం కలం చివరికి రాలేదు. చదివింది నాలుగుసార్లు, చూడకుండా చెప్పి చూసుకున్నది సున్నా సార్లు.

దీని మీద మంచి ప్రయోగమే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కొంతమంది విద్యార్థులతో ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. ఇంకొంతమందితో ఒకసారి చదివించి, తర్వాత కాగితం మీద గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్ళే ఎక్కువ చెప్పారు. ఇందులో నాకు ముచ్చటేసేది ఏమిటంటే, బాగా గుర్తుంటుందని ముందే ధీమాగా చెప్పింది మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే. చూశావా, ‘తెలిసినట్టే ఉంది’ అన్న ధీమా ఎక్కడి నుంచి వస్తుందో.

కాబట్టి ఈ నాలుగు రోజులూ పుస్తకం తెరిచి ఉన్న సమయం కంటే మూసి ఉన్న సమయం ఎక్కువ ఉండాలి. ఒక హెడ్డింగు కింద ఉన్నది చదువు, పుస్తకం బోర్లించు, రఫ్ పేపర్ మీద వచ్చినంత రాయి. తప్పులతడకగా వస్తుంది, రానీ. తెరిచి చూసి వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. ఆ ఎర్ర అక్షరాలే నీ అసలు నోట్సు. ఆదివారం రాత్రి చూసుకోవాల్సింది అవే, పుస్తకం కాదు.

ఇంకో చిన్న కిటుకు. మన పిల్లలు పుస్తకం ఇంగ్లీషులో చదువుతారు, అర్థం చేసుకునేది తెలుగులో, రాయాల్సింది మళ్ళీ ఇంగ్లీషులో. ఈ రెండు మలుపుల్లో సరుకు జారిపోతుంది. అందుకని ముందు మీ అమ్మగారికి తెలుగులో చెప్పు. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని, ‘అమ్మా, సెల్యే అని ఒకాయన ఉన్నాడు, ఒత్తిడి వచ్చినప్పుడు ఒళ్ళు మూడు దశల్లో స్పందిస్తుందంటాడు’ అని మొదలుపెట్టు. ఆవిడ ‘మూడోది ఏంటే?’ అని అడిగితే చెప్పగలగాలి. చెప్పాక ఆ మూడు మాటల్నీ ఇంగ్లీషులో, స్పెల్లింగుతో సహా కాగితం మీద పెట్టు. అలారం, రెసిస్టెన్స్, ఎగ్జాషన్. వివరణ నీ మాటల్లో ఉన్నా పర్వాలేదు, ఆ పదాలు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే పడాలి. పేపర్ దిద్దేవాళ్ళ కళ్ళు ముందు వెతికేది వాటినే.

ఇప్పుడు లెక్క. థియరీ 70 మార్కులు, ఏడు చాప్టర్లు. నీ దగ్గర ఎవరో ఇచ్చిన పాత ఎడిషన్ ఉంటే అందులో తొమ్మిది కనబడతాయి. చివరి రెండూ ఇప్పుడు పరీక్షకి లేవు, వాటి జోలికి పోకు. ఈ మధ్య సిలబస్‌లో మొదటి రెండు చాప్టర్లకీ చెరో 13 మార్కులు, అంటే 26 అక్కడే ఉన్నాయి. నాలుగుకి 12, ఐదుకి 9. మూడుకి 9, ఆరుకి 8, ఏడుకి 6. నీ ఏడాది సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూసుకో. నేనైతే ఈరోజు ఒకటి, రెండు. రేపు నాలుగు, ఐదు కలిపి, ఎందుకంటే జబ్బు చదివిన రోజే వైద్యం చదివితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. శనివారం మిగిలిన మూడూ. ఆదివారం పొద్దున్న సరిగ్గా పదిన్నరకి బోర్డు నమూనా ప్రశ్నపత్రం పెట్టుకుని మూడు గంటలు రాయి. ఫోన్ అమ్మగారి చేతికిచ్చి.

మొదటి చాప్టర్ తెలివితేటల గురించి. ఇందులో సిద్ధాంతాలన్నీ ఒకేలా అనిపిస్తాయి, అందుకే అంకెలతో పట్టుకో. స్పియర్‌మన్ రెండు కారకాలు, జీ అంటే అన్ని పనులకీ ఉమ్మడి తెలివి, ఎస్ అంటే ఒక్కో పనికి ప్రత్యేకమైనది. థర్‌స్టన్ ఏడు సామర్థ్యాలు. స్టెర్న్‌బర్గ్ మూడు, కాంపొనెన్షియల్, ఎక్స్‌పీరియెన్షియల్, కాంటెక్స్చువల్. గార్డ్‌నర్ ఎనిమిది. పాస్ మోడల్ నాలుగు, ప్లానింగ్, అటెన్షన్-అరౌజల్, సైమల్టేనియస్, సక్సెసివ్. ఈ పాస్ మోడల్ 1994లో ముగ్గురు కలిసి చెప్పింది, అందులో మొదటి పేరు మన పక్క ఒడిశా నుంచి వెళ్ళిన జె.పి. దాస్ గారిది. ఐక్యూ లెక్క రాకపోతే మాత్రం నిన్ను క్షమించను. మానసిక వయసుని అసలు వయసుతో భాగించి 100తో గుణించడం, అంతే. పదేళ్ళ పిల్ల పన్నెండేళ్ళ వాళ్ళ ప్రశ్నలు చేస్తే 120. ఈ సూత్రం 1912లో విలియం స్టెర్న్ ఇచ్చాడు, స్టెర్న్‌బర్గ్ కాదు. చూడు, ఇక్కడే తికమకపెట్టే పేర్ల జంట ఒకటి.

గార్డ్‌నర్ ఎనిమిదీ ఎవరికీ ఒక పట్టాన గుర్తుండవు. దీనికి మన విశాఖ బీచ్ రోడ్డు వాడు. పాతకాలం రోమన్ వక్తలు ఉపన్యాసాలు గుర్తుపెట్టుకోవడానికి తెలిసిన ఇంట్లో గది గదికీ ఒక విషయం ఉంచినట్టు ఊహించుకునేవాళ్ళు. మనకి ఇల్లెందుకు, సముద్రమే ఉంటే. కోస్టల్ బ్యాటరీ దగ్గర దిగావనుకో. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో లెక్కకట్టడం లాజికల్-మ్యాథమెటికల్. కాళీమాత గుడి గంటలు మ్యూజికల్. కురుసుర సబ్‌మెరైన్ లోపల, కిటికీ లేని ఇనప గొట్టంలో ఉండి సముద్రాన్ని ఊహించుకోవడం స్పేషియల్. ఇసకలో వాలీబాల్ ఆడే కుర్రాళ్ళు బాడిలీ-కైనెస్థెటిక్. రోడ్డు వెంట నిలబడ్డ కవుల విగ్రహాలు లింగ్విస్టిక్. నీ ముఖం చూసి కారం ఎంత వేయాలో చెప్పేసే మురీ మిక్చర్ అతను ఇంటర్‌పర్సనల్. తెన్నేటి పార్కులో రాయి మీద ఒక్కడే కూర్చుని తనలోకి తాను చూసుకుంటున్నవాడు ఇంట్రాపర్సనల్. పైన కైలాసగిరి చెట్లు, పిట్టలు నేచురలిస్టిక్. కళ్ళు మూసుకుని రెండుసార్లు ఈ దారిలో నడువు. మూడోసారికి వేళ్ళు మడత పెట్టాల్సిన పని ఉండదు.

వ్యక్తిత్వం గురించిన రెండో చాప్టర్‌లో ఫ్రాయిడ్ దగ్గర ఎక్కువసేపు ఆగు. ఇడ్, ఈగో, సూపర్ ఈగో అందరూ రాస్తారు. మార్కులు తేడా కొట్టేది డిఫెన్స్ మెకానిజమ్స్ దగ్గర, అంటే బాధ నుంచి తప్పించుకోవడానికి మనసు తనకి తెలియకుండానే వేసే ఎత్తుల దగ్గర. వీటికి మన సామెతలు వాడుకో, కానీ జాగ్రత్తగా. ‘అందని ద్రాక్ష పుల్లన’, ‘ఆడలేక మద్దెల ఓడు’ రెండూ రేషనలైజేషనే, చేసిన దానికో చేయలేకపోయిన దానికో ఒప్పుకోదగ్గ సాకు కట్టడం. ప్రొజెక్షన్ వేరు. అత్తంటే గిట్టని కోడలు ‘మా అత్తకి నేనంటే పడదు’ అని నమ్మడం అది. తనలో ఉన్నదాన్ని ఎదుటివాళ్ళ ఖాతాలో వేయడం. షుగర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని ‘ల్యాబ్‌వాడు పొరపాటు పడ్డాడు, నాకేం లేదు’ అని మైసూర్‌పాక్ నోట్లో వేసుకునే మామయ్య డినయల్. బాధపెట్టిన సంగతి మనసులోంచే చెరిగిపోయి అడిగినా గుర్తుకు రాకపోతే రిప్రెషన్. లోపల కుళ్ళుకుంటూ పైకి అతిగా ముద్దుచేస్తే రియాక్షన్ ఫార్మేషన్. ఈ ఐదింటికీ నీ ఇంట్లోంచి ఒక్కో మనిషిని వెతుక్కో. వాళ్ళకి మాత్రం చెప్పకు.

అదే చాప్టర్‌లో టైప్-ఏ, టైప్-బి, ఆల్‌పోర్ట్ చెప్పిన కార్డినల్, సెంట్రల్, సెకండరీ లక్షణాలు, క్యాటెల్ 16 కారకాలు, కోస్టా-మెక్రే ఐదు. వీటికి ఒక్కొక్క వాక్యం చాలు. మన చరక సంహితలోని వాత, పిత్త, కఫాలూ, సత్వ రజస్తమో గుణాలూ కూడా ఉన్నాయి. వీటిని మన పిల్లలు ‘ఇది మనదే కదా’ అని వదిలేస్తారు. మళ్ళీ అదే జబ్బు.

మూడో చాప్టర్ ఒత్తిడి గురించి, అంటే నీ గురించే. నీ మెయిల్ ఒక్కటి చాలు దాన్ని చదవడానికి. లాజరస్ ఏమంటాడంటే, ముందు మనం ఎదురైనదాన్ని అంచనా వేస్తాం, ఇది నష్టమా, ముప్పా, సవాలా అని. అది ప్రైమరీ అప్రైజల్. ఆ తర్వాత దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది అని చూసుకుంటాం. అది సెకండరీ. ‘సోమవారం పరీక్ష’ అన్న నీ వాక్యం మొదటిది. ‘రెండు వాక్యాలు కూడా రావడం లేదు’ రెండోది. ఎండ్లర్, పార్కర్ చెప్పిన మూడు దారుల్లో టాస్క్ ఓరియెంటెడ్ అంటే కూర్చుని చదవడం, ఎమోషన్ ఓరియెంటెడ్ అంటే ఏడవడం లేదా ‘ఏం కాదులే’ అని సర్ది చెప్పుకోవడం, అవాయిడెన్స్ ఓరియెంటెడ్ అంటే రీల్స్ చూడటం. నిజం చెప్పాలంటే రాత్రి పదకొండున్నరకి నాకు అంత పొడుగు మెయిల్ రాయడం కూడా కాస్త మూడో బాపతే.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో మూడు రకాలుగా చెప్తారు. జీవితంలో పెద్ద మార్పులు, రోజువారీ చికాకులు, విపత్తులు. మన ఊళ్ళో వీటికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద పడ్డప్పుడు ఇంటి పైకప్పులు ఎగిరిపోవడం చూసినవాళ్ళు, చాలారోజుల వరకు గాలి గట్టిగా వీస్తే ఉలిక్కిపడేవాళ్ళు. అది విపత్తు. గాజువాక నుంచి సిటీకి వస్తూ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కోవడం చికాకు. అక్కకి పెళ్ళి కుదరడం, నాన్నకి బదిలీ కావడం జీవిత మార్పు. మంచి మార్పు కూడా ఒత్తిడే అన్న మాట రాయి, అదొక మార్కు.

ఐదు, ఆరు చాప్టర్ల మధ్య ఒక గుంట ఉంది. ఏటా ఎవరో ఒకరు పడతారు. రెండు చోట్లా ఏబీసీ అనే వస్తుంది. ఐదులో ఆల్బర్ట్ ఎల్లిస్ రేషనల్ ఎమోటివ్ థెరపీలో ఏ అంటే యాంటిసిడెంట్, జరిగిన సంఘటన. బి అంటే బిలీఫ్, దాని గురించి మనం పెంచుకున్న నమ్మకం. సి అంటే కాన్సిక్వెన్స్, దాని ఫలితం. ఆరులో వైఖరికి సంబంధించిన ఏబీసీ పూర్తిగా వేరు. అక్కడ అఫెక్టివ్, బిహేవియరల్, కాగ్నిటివ్, అంటే భావం, ప్రవర్తన, ఆలోచన. నీ పరీక్షే తీసుకో. ప్రీ-బోర్డులో సైకాలజీ మార్కులు తగ్గాయి, అది ఏ. ‘నాకు ఏ సబ్జెక్టూ ఎప్పటికీ రాదు’ అనుకున్నావు, అది బి, అహేతుకమైన నమ్మకం. నిద్ర పట్టకపోవడం సి. బాధకి కారణం ఏ కాదు, బి అంటాడు ఎల్లిస్, ఆ మాటే ఆ థెరపీ గుండెకాయ. ఈ ఏబీసీలు రెండూ ఒకే కాగితం మీద, మధ్యలో గీత గీసి రాసి అద్దానికి అంటించు.

ఐదులో మిగతావి తొందరగా అవుతాయి. వోల్పే సిస్టమాటిక్ డీసెన్సిటైజేషన్, బెక్ కాగ్నిటివ్ థెరపీ, ఫ్రాంకల్ లోగోథెరపీ, రోజర్స్ క్లయింట్ సెంటర్డ్, పెర్ల్స్ దంపతుల గెస్టాల్ట్. ఒక్కొక్కరికి మూడు వాక్యాలు, అందులో ఒకటి ‘అసలు జబ్బు ఎక్కడుందని వీళ్ళు నమ్ముతారు’ అనేది ఉండాలి.

ఆరులో వైఖరులు ఎందుకు మారతాయో చెప్పే హైడర్ త్రిభుజం చాలామందికి తలనొప్పి. సినిమా హీరోలతో చేసెయ్. నువ్వు, నీ ఫ్రెండు, ఒక హీరో. నీకు ఫ్రెండంటే ఇష్టం, ఫ్రెండుకి హీరో అంటే ప్రాణం, నీకు ఆ హీరో అంటే చిరాకు. రెండు ప్లస్సులు, ఒక మైనస్. కుదరదు, అసమతుల్యం. నీకు హీరో నచ్చడం మొదలవ్వాలి, లేదా ఫ్రెండుకి మోజు తగ్గాలి, లేదా స్నేహం పలచబడాలి. మూడు గుర్తుల్నీ గుణిస్తే ప్లస్ వస్తే సమతుల్యం, మైనస్ వస్తే కాదు. ఫెస్టింగర్ కాగ్నిటివ్ డిసొనెన్స్ దీని పక్కనే ఉంటుంది కానీ అక్కడ మూడో మనిషి అక్కర్లేదు. ఒకే బుర్రలో రెండు ఆలోచనలు కొట్టుకోవడం అది. ఎస్.ఎం. మొహసిన్ అనే భారతీయ మనస్తత్వవేత్త చెప్పిన టూ-స్టెప్ కాన్సెప్ట్ కూడా ఇక్కడే ఉంది, దాన్ని మర్చిపోకు.

గుంపుల గురించి చెప్పే ఏడో చాప్టర్‌కి నువ్వు పుస్తకం కంటే ముందే సిద్ధంగా ఉన్నావు, గాజువాక పిల్లవి కదా. చవితి పందిరి కమిటీ చూడని ఏడాది ఉందా నీకు? కుర్రాళ్ళు పోగై చందా పుస్తకం అచ్చు వేయించడం ఫార్మింగ్. విగ్రహం ఎన్ని అడుగులు, డీజే ఎవరు అని కొట్టుకోవడం స్టార్మింగ్. ఎవరి పని ఏదో తేల్చుకుని సర్దుకోవడం నార్మింగ్. పూజలు, ప్రసాదాలు సాగిపోవడం పెర్‌ఫార్మింగ్. నిమజ్జనం అయ్యాక ఎవరింటికి వాళ్ళు పోవడం అడ్జర్నింగ్. టక్‌మన్ ఐదు దశలూ అయిపోయాయి. లారీలోంచి విగ్రహం దింపేటప్పుడు ‘హో’ అని గట్టిగా అరుస్తూ చేయి మాత్రం ఊరికే ఆనించేవాడు ఉంటాడు చూడు, వాడు సోషల్ లోఫింగ్.

రాయడం గురించి. రెండు మార్కుల ప్రశ్నకి 30 పదాలు, మూడుకి 60, నాలుగుకి 120, ఆరుకి 200 అని పేపర్‌లోనే ఇస్తారు. రెండు మార్కులకి ముప్పావు పేజీ రాసి చివరి ఆరు మార్కుల ప్రశ్నకి టైము లేక ఏడ్చేవాళ్ళే ఎక్కువ. నిర్వచనం ఒక వాక్యం, ఉదాహరణ ఒక వాక్యం, చుక్క పెట్టి ముందుకెళ్ళు. కేస్ స్టడీ ప్రశ్నల్లో కథ మళ్ళీ చెప్పకు. మొదటి వాక్యంలోనే ‘ఇది ఫలానా’ అని పేరు పెట్టు, ఆ తర్వాత కథలో ఏ ముక్క చూసి అలా అన్నావో రాయి. ఒక మార్కు ప్రశ్నలకి నెగటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలకు. థియరీలో పాస్‌కి కావాల్సింది 70కి 23. ఈరోజు, రేపు నేను చెప్పినట్టు కూర్చుంటే ఆ గీత రేపు సాయంత్రానికే దాటేస్తావు, ఆ తర్వాత చదివేదంతా పైకి ఎక్కడానికే.

యూట్యూబ్‌లో ‘మొత్తం సిలబస్ ఒక్క వీడియోలో’ అని వచ్చేవి చూడకు అనను. ఏదైనా ముక్క అసలు అర్థం కాకపోతే ఆ ముక్క వరకు చూడు. నాలుగు గంటలు వీడియో చూస్తే నాలుగు గంటలు అందులోని మాస్టారు చదివినట్టు, నువ్వు కాదు. నిద్ర మానడం అసలు వద్దు. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంపర్థం లేని అక్షరాలు తనే బట్టీపట్టి, తనమీద తనే లెక్కవేసుకుని, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువని తేల్చాడు. కాబట్టి గురువారం చదివిన ఒకటి, రెండు చాప్టర్లని శుక్రవారం పొద్దున్న లేవగానే పది నిమిషాలు కాగితం మీద గీకు, శనివారం పొద్దున్న నాలుగు, ఐదు గీకు. చూడకుండా.

ఇక నీ జబ్బుల సంగతి. నాలుగో చాప్టర్ చదివిన ప్రతివాళ్ళకీ అది వస్తుంది. డాక్టరీ చదివే పిల్లలకి కూడా ఏ పాఠం చదివితే ఆ రోగం తమకే ఉన్నట్టు అనిపించడం పాత కథే. మా క్లాసులో ఒకమ్మాయి గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు చూసుకుని తనకి ఓసీడీ, అంటే వదలని అనుమానంతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేసే జబ్బు, ఉందని వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అసామాన్యం అనడానికి నీ పుస్తకమే నాలుగు డీలు చెప్తుంది. డీవియెన్స్, డిస్ట్రెస్, డిస్‌ఫంక్షన్, డేంజర్. నలుగురికీ భిన్నంగా ఉండటం, బాధపెట్టడం, రోజు పనులు సాగనివ్వకపోవడం, తనకో ఎదుటివాళ్ళకో ప్రమాదం కావడం. పరీక్ష ముందు గుండె దడ ఈ లెక్కలోకి రాదు. ఈ చాప్టర్‌లో కూడా జంటల మీదే దృష్టి పెట్టు. డెల్యూజన్ అంటే తప్పుడు నమ్మకం, హాలూసినేషన్ అంటే లేనిది కనబడటం, వినబడటం. అబ్సెషన్ అంటే వదలని ఆలోచన, కంపల్షన్ అంటే మానలేక మళ్ళీ మళ్ళీ చేసే పని. స్కిజోఫ్రీనియాలో పాజిటివ్ లక్షణాలు అంటే మంచివని కాదు, మామూలు మనిషిలో లేనివి అదనంగా చేరడం. మన సినిమాలు చూపించే ఇద్దరు మనుషులు ఒకరిలో ఉండటం స్కిజోఫ్రీనియా కాదు, అది డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. ఈ ఒక్క పొరపాటుకి ఎంతమంది మార్కులు పోగొట్టుకున్నారో.

కానీ ఒక మాట సీరియస్‌గా. పరీక్షతో సంబంధం లేకుండా రెండు వారాలుగా నిద్ర, ఆకలి పోయి, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే, లేదా బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అప్పుడిక చాప్టర్ పక్కన పెట్టి అమ్మగారికి చెప్పు. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మన ఊళ్ళో దాని పేరు వెటకారానికి వాడతారు, వాడేవాళ్ళు వాడనీ. నీ మెయిల్ చదివితే నాకు అలాంటిదేమీ కనబడలేదు, నిద్ర చాలని పన్నెండో తరగతి పిల్ల కనబడింది. అయినా నీ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు కాబట్టి చెప్తున్నాను.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఎర్ర పెన్ను కాగితాలు ఒకసారి చూసి మడిచెయ్. సోమవారం ఎన్‌ఏడీని నమ్ముకోకుండా ముప్పావుగంట ముందే ఇంటి నుంచి బయలుదేరు. పదింపావుకి పేపర్ చేతికిస్తారు, రాయడం మొదలవడానికి ఇంకో పదిహేను నిమిషాలు ఉంటాయి, ఆ సమయంలో కేస్ స్టడీలు చదువుకో. బయటికి వచ్చాక గేటు దగ్గర జవాబులు సరిచూసుకునే గుంపులో నిలబడకు, బస్సెక్కి ఇంటికెళ్ళి పడుకో. సాయంత్రం లేచాక, ఆ రెండు ఏబీసీల్లో ఏది వచ్చిందో నాకు ఒక్క ముక్క రాయి.